వేలు వంగదని ముందే చెప్పాలి

సంపాదకుల వారికి,

మా అమ్మ ముప్పై ఏళ్లుగా పూలు కడుతోంది. తెల్లారకముందే గుమ్మంలో బుట్ట పెట్టుకుని కూర్చుంటుంది. మొగ్గలను ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య నొక్కిపట్టి, కుడిచేత్తో దారం మెలివేసి లాగుతుంది. పోయిన ఏడాది ఆ చూపుడువేలి నడిమి కీలు అరిగి, వాచిపోయి, రాత్రిళ్లు నిద్ర లేకుండా చేస్తే ఆపరేషన్ చేయించాం. నొప్పి పోయింది. ఆ కీలు ఇక వంగదన్న సంగతి మాత్రం కట్టు విప్పిన రోజున తెలిసింది.

ఆస్పత్రి పేరు రాయను. సంతకం కోసం ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది, అమ్మ వేలిముద్ర వేసింది. అంతే.

వేలి కీలు అరిగితే మందులకు, కట్లకు లొంగనప్పుడు ఆపరేషన్లు ముఖ్యంగా రెండు రకాలని తర్వాత తెలుసుకున్నాను. ఒకటి కీలు తీసేసి సిలికాన్‌దో, లోహందో కొత్తది పెట్టడం. సిలికాన్ కీళ్లు 1960ల నుంచి వాడుకలో ఉన్నాయి. వేలు కొంత వంగుతుంది, కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ కీలు విరగొచ్చు, మళ్లీ ఆపరేషన్ పడొచ్చు. రెండోది ఫ్యూజన్. రెండు ఎముకలనూ స్క్రూతోనో, తీగతోనో కలిపి అతికిస్తారు. నొప్పి పోతుంది, పట్టు గట్టిగా ఉంటుంది, కీలు మాత్రం కదలదు. పెట్టిన కీలు పాడైతే తర్వాత ఫ్యూజన్ చేయొచ్చు. అతికించినదాన్ని మళ్లీ వంగేలా చేయడం చాలా కష్టం.

గోరు దగ్గరి కీలుకు ఎక్కువగా ఫ్యూజనే చేస్తారట, దానివల్ల పనికి పెద్దగా అడ్డు రాదు. కీళ్లవాతంతో పిడికిలి కీళ్లు పాడైతే కొత్తవి పెడతారు, అవి బిగిస్తే పిడికిలే పట్టలేం. చూపుడువేలి నడిమి కీలు దగ్గరే చిక్కు. బొటనవేలు పక్కనుంచి నొక్కే ఒత్తిడిని అది తట్టుకోవాలి కాబట్టి చాలామంది డాక్టర్లు ఫ్యూజన్ వైపే మొగ్గుతారు. అమ్మకు చేసింది తప్పని నేను అనడం లేదు. బహుశా అదే సరైనది. కానీ ఎంత వంపులో అతికించాలన్నది చేసే పనిని బట్టి ఉంటుంది కదా! "అమ్మా, ఈ వేలితో ఏం పని చేస్తావు?" అని ఒక్కరూ అడగలేదు.

ఆపరేషన్‌కు ముందు కొన్నాళ్లు ఆ కీలు వంగకుండా చిన్న పట్టీ కట్టి పని చేసి చూడమనే పద్ధతి కూడా ఉంది. ఖర్చు దాదాపు లేదు. అలా చేసి ఉంటే అమ్మే చెప్పేది, ఈ వంపు చాలు, లేదా చాలదు అని.

బర్డ్ లాంటి ఎముకల ఆస్పత్రి ఉన్న ఊరు మనది. ఇక్కడి ఆస్పత్రులన్నీ ఈ రెండు ఆపరేషన్ల వివరం తెలుగులో, బొమ్మలతో, ఒక్క పేజీలో ఇవ్వాలి. సంతకానికి ముందు చదివి వినిపించాలి. కొత్త కీలు పెట్టినవాళ్లకు వారాల తరబడి వేళ్ల వ్యాయామం చేయించాలి. కుప్పం నుంచో, సత్యవేడు నుంచో వచ్చే కూలీమనిషి దానికోసం తిరుపతికి ఎన్నిసార్లు రాగలడు? ఆ వ్యాయామం దగ్గరి ఏరియా ఆస్పత్రిలోనే దొరకాలి.

ఇప్పుడు అమ్మ కుడిచేతి వేలు కూడా వాస్తోంది. ఈసారి పూలబుట్ట, దారపుండ వెంట తీసుకెళ్లి, ఆ వేలితో తను చేసే పని డాక్టర్ గారి ముందే చేయించి చూపిస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొర్లగుంట, తిరుపతి