వీఆర్ఎస్ తీసుకునేవారికి గడువు గుర్తుండాలి

సంపాదకులకు,

వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్న 55–60 ఏళ్లవారూ సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో చేరవచ్చు. అయితే రిటైర్మెంట్ డబ్బు అందిన 3 నెలల్లోపే ఖాతా తెరవాలి. గడువు దాటితే 60 నిండేదాకా ఆగాల్సిందే.

అసలు చిక్కు ఆ తర్వాతే. వడ్డీ మూడు నెలలకోసారి పడుతుంది. ఏడాదికి 8.2 శాతం లెక్కన 10 లక్షలకు మూడు నెలల వడ్డీ 20,500 రూపాయలు. ఒక్కసారిగా చేతికొస్తే మొదటి నెలలోనే కరిగిపోయి, మూడో నెలకు పాలవాడికీ కిరాణా కొట్టుకూ బాకీ పడతారు. వడ్డీని వేరే ఖాతాలో వేయించుకుని, నెలకు 6,800 మాత్రమే ఇంటిఖర్చు ఖాతాకు మళ్లించాలి. ఏడాదికోసారి వచ్చే ఇంటిపన్ను, బండి ఇన్సూరెన్స్, ఆరోగ్య బీమా మొత్తం కూడి, 12తో భాగించి, నెలనెలా అంత ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కట్టాలి. చాలామంది మరిచేది ఇదే.

ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) పింఛనుకు మాత్రం తొందరపడొద్దు. 58 ఏళ్లకు ముందు తీసుకుంటే, ముందు తీసుకున్న ఒక్కో ఏడాదికి 4 శాతం చొప్పున జీవితాంతం కోతే.

– ఒక పాఠకుడు