అప్పుల్లో మునిగిన విశ్వాసికి కానుక కవరు కాదు, కాగితం పెన్ను ఇవ్వండి

సంపాదకులకు,

లోన్ యాప్‌ల వేధింపుల గురించి, గ్రూపు లోన్ల కిస్తీలు కట్టలేక ఊరు విడిచిపోతున్న కుటుంబాల గురించి పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. బ్యాంకులు ఏం చేయాలి, పోలీసులు ఏం చేయాలి అన్న చర్చ వాటిలో ఉంటోంది. అయితే ఆ కుటుంబం క్రైస్తవ కుటుంబమైతే, పోలీస్ స్టేషన్ కన్నా ముందు పాస్టరు గారింటికి వెళుతుంది. అక్కడ వారికి ఏం దొరుకుతోందన్న ప్రశ్న ఎవరూ అడగడం లేదు.

చాలాచోట్ల ఒక ప్రార్థన, ఉపవాస కూటానికి పిలుపు, ‘విత్తన కానుక’ వేయమన్న సలహా దొరుకుతున్నాయి. పాస్టర్లకు కౌన్సెలింగ్ బోధించే మాకు మొదటి రెండింటితో పేచీ లేదు. మూడోదానితోనే ఉంది. ముందు దేవునికిస్తే అప్పు దానంతటదే తీరుతుందని చెప్పడానికి మలాకీ 3:10 (ఆదాయంలో పదో వంతు, అంటే దశమభాగం, తెచ్చిస్తే దీవెనలు కురుస్తాయన్న వాక్యం), సారెపతు విధవరాలి కథ (1 రాజులు 17, కరువులో ఉన్న కాస్త పిండితో ముందు ప్రవక్తకు రొట్టె చేసిచ్చినామె) ఎత్తుకుంటారు. అప్పులవాడు గుమ్మంలోకి వచ్చిన విధవరాలి కథ బైబిల్లో వేరే ఉంది, 2 రాజులు 4వ అధ్యాయంలో. ఆమె ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోతామంటున్నారు. నీకు నేనేం చేయాలని ప్రవక్త ఎలీషా అడుగుతాడు. వెంటనే నీ ఇంట్లో ఏముందని అడుగుతాడు. ఇరుగుపొరుగుల దగ్గర ఖాళీ పాత్రలు తెచ్చుకోమంటాడు. తలుపు మూసుకుని నూనె పోసుకోమంటాడు. దాన్ని అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అంటాడు. అందులో ప్రవక్తకు దక్కిన వాటా ఏమీ లేదు. ఆ ఏడు వచనాలను వరసగా చదివితే పాస్టరు చేయాల్సిన కౌన్సెలింగ్ అంతా కనిపిస్తుంది: అడగడం, ఉన్నది లెక్కపెట్టడం, నలుగురి సాయం కూడగట్టడం, తలుపు మూయడం (అంటే గుట్టు కాపాడటం), అప్పు పోను బతుకు మిగలడం.

దేవాలయ కానుకపెట్టెలో తనకున్న రెండు కాసులూ వేసిన విధవరాలి మీద ప్రసంగం చేసేవారు దానికి సరిగ్గా ముందున్న మార్కు 12:40 కూడా చదివి వినిపిస్తే బాగుంటుంది. విధవరాండ్ర ఇళ్లు మింగేస్తూ దీర్ఘ ప్రార్థనలు చేసేవారి గురించి అక్కడ గట్టి మాటే ఉంది.

ఇదంతా పాస్టర్ల దురాశే అంటే అది సగం నిజమే అవుతుంది. స్వతంత్ర సంఘాల పాస్టర్లలో చాలామందికి జీతం లేదు. హాలు అద్దె, మైక్ సెట్, పిల్లల ఫీజులు ఆదివారం సంచిలో పడిన డబ్బు నుంచే రావాలి. టీవీలో వాక్యం చెప్పాలంటే అరగంటకింతని కొనాలి. విశ్వాసికి ఈ సంఘం నచ్చకపోతే పక్క వీధిలో ఇంకోటి ఉంది. ఇలాంటి ఏర్పాటులో ‘ఈ నెల దశమభాగం ఆపి కిస్తీ కట్టండి’ అని చెప్పే పాస్టరు తన ఇంటి బియ్యం తానే తగ్గించుకున్నట్టు. అందుకే ఆ మాట ఆయన నోట రాదు. మెల్లగా బోధ కూడా బజారు లెక్కకే మారుతుంది: లాభం వస్తే ఆశీర్వాదం, నష్టం వస్తే దాచిన పాపం. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబుకు అతని స్నేహితులు ముగ్గురూ చెప్పింది ఇదే. వాళ్లు చేసిన మంచి పని ఒక్కటే, మొదటి ఏడు రోజులు నోరు విప్పకుండా అతని పక్కన నేల మీద కూర్చోవడం.

మరి ఎలా చేయాలి? పాస్టర్లకు మేము చెప్పే పద్ధతి ఇది.

మొదటి కూర్చోవడం ముప్పావు గంటకు మించనక్కర్లేదు. వచ్చినది స్త్రీ అయితే గది తలుపు తీసి ఉండాలి, మాట వినబడనంత దూరంలో బైబిల్ స్త్రీయో (స్త్రీల మధ్య పనిచేసే సంఘ సేవకురాలు) సంఘంలో పెద్దావిడో కూర్చోవాలి. ప్రార్థన చివర్లో చేయాలి. మొదటే చేస్తే మాట ముగిసిందనుకుని మనిషి లేచి వెళ్లిపోతుంది, అసలు సంగతి లోపలే ఉండిపోతుంది. ఆ రోజు వాక్యం చెప్పకపోయినా ఫరవాలేదు. ఆమె వాడిన మాటలతోనే ప్రార్థన చేస్తే తన మాట విన్నారని ఆమెకు తెలుస్తుంది.

రెండోసారికి ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తెమ్మనాలి: గ్రూపు లోన్ పాస్‌బుక్కు, బంగారం కుదువ రసీదు, ప్రామిసరీ నోటు జిరాక్సు, ఫోన్. తెల్లకాగితం మీద గడులు గీసి ఎవరికి బాకీ, చేతికి వచ్చింది ఎంత, ఇప్పటిదాకా కట్టింది ఎంత, వడ్డీ ఎంత, ఏ తేదీకి కట్టాలి, కుదువ ఏమిటి అని రాయాలి. వడ్డీలన్నిటినీ ఏడాది లెక్కలోకి మార్చాలి, లేకపోతే పోల్చడం కుదరదు. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. డైలీ ఫైనాన్స్ చూడటానికి చిన్నదిగా ఉంటుంది: 9,000 చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున నూరు రోజులు వసూలు. వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి సగటున అప్పు తీసుకున్నవాళ్ల చేతిలో ఉన్నది సుమారు 4,500 మాత్రమే. లెక్కేస్తే ఏడాదికి 80 శాతం దాటుతుంది. ఈ అంకె చూసినప్పుడు ఆ ఇంట్లో వాళ్ల ముఖాల్లో కనబడేది భయం కన్నా ఎక్కువగా ఊరటే. కష్టపడి కట్టినా ఎందుకు తీరడం లేదో అప్పటికి అర్థమవుతుంది, అది శాపం కాదని కూడా.

ఆ తర్వాత చేయాల్సిన మొదటి పని రొటేషన్ ఆపడం. ఒక గ్రూపు కిస్తీ కోసం ఇంకో గ్రూపులో చేరడం, దానికోసం యాప్‌లో తీసుకోవడం ఆగకపోతే మిగతా సలహాలేవీ నిలబడవు. మైక్రోఫైనాన్స్‌కు రిజర్వ్ బ్యాంక్ 2022 నిబంధనల ప్రకారం కుటుంబం మొత్తం కట్టే కిస్తీలు నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఏడాదికి 3 లక్షలలోపు ఆదాయమున్న ఇంటికి ఇచ్చే పూచీకత్తు లేని అప్పులే ఈ కోవలోకి వస్తాయి. ఇంటికి నెలకు 15,000 వస్తుంటే కిస్తీలన్నీ కలిపి 7,500 లోపే ఉండాలి. ఉదయం 9 లోపు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. కిస్తీ కట్టే చోటు ఇద్దరూ ఒప్పుకున్నదై ఉండాలి. అప్పు తీసుకున్నవాళ్లు వరసగా రెండుసార్లు అక్కడికి రాకపోతేనే వసూలు ఏజెంటు ఇంటికి రావచ్చు. ఈ నాలుగు సంగతులు తెలిసిన పాస్టరుకు సగం ధైర్యం ఉన్నట్టే.

గ్రూపు లోన్లలో ఒక చిక్కు ఉంది. ఒకామె కట్టకపోతే మిగతావాళ్ల మీద పడుతుంది, ఆ మిగతావాళ్లలో ఇద్దరు ముగ్గురు అదే సంఘంలో ఉంటారు. ఒకామెకు చెప్పిన ఓదార్పు పక్క బల్ల మీద ఉన్నామెకు నష్టం. అందుకని గ్రూపు సభ్యులందరినీ (ఆమె ఒప్పుకుంటేనే) ఒకసారి కూర్చోబెట్టి ఎవరు ఎంత మోయగలరో మాట్లాడటం మంచిది. పాస్టరు తానే ఏజెంటుకు ఫోన్ చేసి ‘నేను చెప్తున్నా’ అనడం వల్ల ఒరిగేదేమీ లేదు. మర్నాడు ఆ ఏజెంటు చర్చి గేటు దగ్గరికే వస్తాడు.

ప్రామిసరీ నోటు మీద కట్టిన ప్రతి రూపాయికీ నోటు వెనక చెల్లు రాయించుకోవాలి. చాలామంది రాయించుకోరు, తర్వాత కట్టిందంతా గాలికి పోతుంది. నోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉంటుందని, చెల్లు రాసి సంతకం చేసిన రోజు నుంచి అది మళ్లీ మొదలవుతుందని కూడా చెప్పాలి. అప్పు తీరిన రోజు నోటు వెనక్కి తీసుకోవాలి. కోర్టు నోటీసు వస్తే మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఎస్సీలకూ ఆ హక్కు ఉంది. అయితే రికార్డులో బీసీ-సి (క్రైస్తవంలోకి మారిన ఎస్సీల వర్గం) అని ఉన్న క్రైస్తవ దళిత పురుషుడికి కులం పేరు మీద అది రాదు, ఆదాయ పరిమితి కింద అడగాలి.

యాప్‌ల సంగతి వేరు. ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు, కాల్ వివరాలు తీసుకోవడానికి రుణ యాప్‌లకు వీల్లేదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. తీసుకున్నారంటేనే తప్పు మొదలైనట్టు. కంగారులో యాప్ తీసేస్తే సాక్ష్యం పోతుంది. ముందు స్క్రీన్‌షాట్లు, వచ్చిన నంబర్లు, డబ్బు పంపిన యూపీఐ ఐడీ భద్రం చేయాలి. తర్వాత పర్మిషన్లు తీసేసి, సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి, బంధువులకు ముందే ‘నా పేరుతో ఏదైనా ఫొటో వస్తే నమ్మకండి’ అని ఒక్క ముక్క పంపాలి. బెదిరింపుకు ఒకసారి డబ్బు కడితే రెండో బెదిరింపు వస్తుంది.

రెండు చోట్ల పాస్టర్లు తరచూ దెబ్బతీస్తున్నారు. మొదటిది, ప్రార్థన మనవి. ‘ఫలానా సహోదరి అప్పుల నుంచి విడుదల కోసం’ అని వాట్సాప్ గ్రూపులో పెట్టినా, మైకులో చదివినా, ఆమె ఇక రాదు. పేరు లేకుండా చెప్పినా చిన్న సంఘంలో ఎవరో తెలిసిపోతుంది. అప్పు తీరాక సంఘం ముందు సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టడమూ ఇదే కోవ. రెండోది, భర్తకు చెప్పేయడం. ఆడవాళ్ల పేరున తీసుకున్న లోన్లలో చాలా వాటిని వాడుకున్నది ఇంకొకరు. ఆమె ఒప్పుకోకుండా భర్తను పిలిపించి ‘కలిసి ప్రార్థన చేద్దాం’ అంటే ఆ రాత్రి ఇంట్లో దెబ్బలు తినేది ఆమె. లోబడమనే వాక్యం ఇక్కడ చదవకూడదు. స్త్రీల హెల్ప్‌లైన్ 181 నంబరు ఇవ్వాలి.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా పంపకూడదు, ఇంట్లో పురుగుమందు ఉంటే ఎవరో ఒకరు బయటకు తీసుకెళ్లాలి, 14416కు (టెలి మానస్, ప్రభుత్వ మానసిక సాయం నంబరు) అక్కడి నుంచే ఫోన్ కలపాలి, ప్రభుత్వాసుపత్రి డాక్టరుకు చూపించాలి. ఉపవాసం ఉండమని చెప్పే సమయం కాదది. తిండీ నిద్రా లేక అప్పటికే కుంగిన మనిషి అది.

పాస్టరు హామీ సంతకం పెట్టకూడదు. సామెతలు 6వ అధ్యాయం చెప్పినా చెప్పకపోయినా, సంతకం పెట్టినరోజే ఆయన సలహాదారు కాకుండా పోయి బాకీదారవుతాడు. సొంత డబ్బు అప్పివ్వడం కూడా వద్దు. సంఘానికి సహాయ నిధి ఉంటే పెద్దలు నిర్ణయించాలి, తిరిగి రావాలన్న షరతు లేకుండా ఇవ్వాలి. కౌన్సెలింగ్ జరుగుతున్నంతకాలం ఆ కుటుంబం నుంచి ప్రత్యేక కానుక తీసుకోకూడదు. ఇది పాస్టరు మంచితనానికి వదిలేయాల్సిన సంగతి కాదు, సంఘ తీర్మానంగా పుస్తకంలో ఉండాలి.

ఇది పరాయి ఆలోచన కూడా కాదు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. కూడు కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని ఆ సహాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజును సంఘాలు గొప్పగా చెప్పుకుంటాయి, దానికి ముందు ఆపిన నెలల గురించి మాత్రం చెప్పుకోవు. నెహెమ్యా 5వ అధ్యాయం కూడా అంతే. పొలాలు, ద్రాక్షతోటలు కుదువబెట్టుకున్న పెద్దలను నిలదీసి తిరిగి ఇప్పించిన అధికారి నెహెమ్యా, తానూ అప్పిచ్చినవాళ్లలో ఉన్నానని ఒప్పుకున్నాడు, 12 ఏళ్లు అధికారికి రావలసిన భోజన భత్యం తీసుకోలేదు. గోడ కట్టిన వీరుడిగా ఆయన మీద ఎన్ని ప్రసంగాలు, ఈ అధ్యాయం మీద ఎన్ని?

వేదాంత కళాశాలల్లో కౌన్సెలింగ్ ఒక పేపరుగా ఉంది. 1925లో అమెరికాలోని వుస్టర్ మానసిక వైద్యశాలలో అక్కడి చాప్లిన్ (ఆసుపత్రి పాస్టరు) ఆంటన్ బోయిసెన్ వేదాంత విద్యార్థులను రోగుల మధ్య కూర్చోబెట్టి మొదలుపెట్టిన శిక్షణ నుంచి పెరిగిన పద్ధతి ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది: సంభాషణ అయ్యాక జ్ఞాపకమున్నంత వరకు ఇద్దరి మాటలూ ఉన్నవున్నట్టు రాసి, పేర్లు తీసేసి, తోటివారి ముందు చదవడం. ఎక్కడ తొందరపడి వాక్యం చెప్పామో అప్పుడు బయటపడుతుంది. దానికి వడ్డీ లెక్క, రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు చేర్చి, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక విశ్వాసిని పిలిచి రెండు పూటలు చెప్పిస్తే చాలు. కళాశాల మెట్లెక్కని స్వతంత్ర పాస్టర్లకు మండల పాస్టర్ల ఫెలోషిప్‌లే నెలకో పూట పెట్టుకోవచ్చు.

మీ పత్రికకూ ఒక మనవి. అప్పుల బాధతో ఎవరైనా చనిపోయిన వార్త వేసినప్పుడు దాని కిందే నాలుగు నంబర్లు వేయండి: మానసిక సాయానికి 14416, సైబర్ మోసానికి 1930, ఉచిత న్యాయ సహాయానికి 15100, బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ మీద ఫిర్యాదుకు రిజర్వ్ బ్యాంక్ 14448. ఆ ముక్క కత్తిరించి చర్చి నోటీసు బోర్డుకు అంటించుకోమని మేము పాస్టర్లకు చెబుతాం.

— పాస్టర్లకు కౌన్సెలింగ్ బోధించే అధ్యాపకులు, గుంటూరు