మా మెట్లెక్కి వచ్చినవాళ్లకి

మా కాలనీలో కొత్తగా ఎవరికీ విరేచనాలు లేక ఇవాళ్టికి పదిహేను రోజులు. మీ క్యాంపు వాళ్లందరికీ థాంక్స్ చెబుతూ ముందే రాద్దామనుకున్నాను గానీ దిష్టి తగులుతుందని మా అమ్మ రాయనివ్వలేదు.

విశాఖలో కొండవాలు కాలనీ అంటే తెలిసిందేగా. మెట్లే దారి. మంచినీళ్ల పైపు మురుగు కాలవలోంచే వెళ్తుంది. వానలకి అది ఎక్కడో పగిలింది. నీళ్లు వాసనొస్తున్నాయని చెప్పాం, వినాల్సినవాళ్లు వినలేదు. ఆ గొడవ ఇక్కడొద్దు.

మా అప్ప కొడుక్కి నాలుగేళ్లు. రాత్రి మొదలైతే తెల్లారేసరికి కళ్లు లోపలికి పోయాయి, ఏడ్చినా కన్నీళ్లు రావట్లేదు. "నీళ్లు పోత్తే మరీ ఎక్కువైపోద్ది" అని అమ్మ గ్లాసు లాగేసుకుంది. అప్పుడే ఆశా కార్యకర్త వెంట క్యాంపు నర్సమ్మ వచ్చింది. పిల్లాడి పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. మడత వెంటనే పోలేదు, అంటే ఒంట్లో నీళ్లు బాగా తగ్గిపోయాయన్నమాట. అమ్మతో వాదన పెట్టుకోలేదామె. లీటరు కాచిన నీళ్లు చల్లార్చి ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి, చెంచా అమ్మ చేతికే ఇచ్చింది. "నువ్వే పట్టు పెద్దమ్మా, కొంచెం కొంచెంగా. కక్కితే పది నిమిషాలాగి మళ్లీ పట్టు."

మధ్యాహ్నానికి వాడు ఉచ్చ పోశాడు. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాం. నవ్వకండి.

రామాలయంలో క్యాంపు పెట్టిన కుర్ర డాక్టరు గారు ఆ రాత్రి ఓ సంగతి చెప్పారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు నీళ్లు డ్రముల్లో కలిపి, బంధువుల చేతే తాగించారట. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగులోపుకి దిగాయట. అమ్మ చేతికి చెంచా ఎందుకిచ్చారో అప్పుడర్థమైంది.

అందరికీ చెంచాతో సరిపోలేదు. నాడి అందని ముసలాయన్ని మా కుర్రాళ్లు ప్లాస్టిక్ కుర్చీలో మెట్లు దించి 108 ఎక్కించారు. పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో సెలైన్ ఎక్కించాక తేరుకున్నాడు. ఇప్పుడు మళ్లీ అందర్నీ తిడుతున్నాడు.

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి అడిగింది ఒకటే, ఏ కుళాయి నీళ్లు తాగారని. కింద బోరు నీళ్లు తాగినవాళ్లకి ఏమీ లేదు. నోటుబుక్కులో అది తేలిన సాయంత్రమే పైపు కట్టేయించారు, ట్యాంకర్ తెప్పించారు. బిందెల్లో క్లోరిన్ వేసి అరగంటాగి, క్లోరిన్ సరిపోయిందో లేదో తెలియడానికి చిన్న గొట్టంలో పసుపు రంగు వచ్చిందో లేదో చూసేవారు. విరేచనాలు తగ్గినా జింకు మాత్రలు పద్నాలుగు రోజులూ మింగించారో లేదో వచ్చి లెక్కపెట్టేవారు.

ఇంకో మాట. ఆ వారం మా ఆడవాళ్లు పనిచేసే ఇళ్లవాళ్లు వాళ్లని పనికి రావద్దన్నారు. మీరు మాత్రం మా గడపలో కూర్చుని టీ తాగారు.

నర్సమ్మా, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. మీ నీలం గొడుగు మా ఇంట్లోనే ఉంది. ఆదివారం రండి, అమ్మ చేపల పులుసు పెడతానంటోంది. నీళ్లు కాచినవే.