నీ మూడు స్కూపుల సంగతి

మారతహళ్ళి, బెంగళూరు

రేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ మొత్తం విన్నా. దానికి ఫోన్లో జవాబు చెప్తే సగంలో నువ్వు నాకు క్లాసు పీకుతావు, అందుకే రాస్తున్నా. ప్రోటీన్ పొడి రోజుకి మూడు స్కూపులు కలుపుకుని తాగితే కండ మూడింతలు వస్తుందా అని కదా? రాదు. ఎక్కువైంది ఒళ్ళు దాచుకోలేదు.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన దండ, ఉండ చుట్టుకుని ఉంటుంది. కడుపులోని యాసిడ్ ఆ ఉండను విప్పుతుంది, పెప్సిన్ అనే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. వంట చేసినా ఇలాగే కొంత విచ్చుకుంటుంది. మా పీజీలో ఒకడు పొద్దున్నే పచ్చిగుడ్లు గ్లాసులో కొట్టుకుని గుటుక్కున మింగుతాడు, చూస్తే నాకు వాంతి వస్తుంది. 1998లో బెల్జియంలో కొలిచి చూశారు: ఉడికిన గుడ్డు ప్రోటీన్ 90 శాతం దాకా అరిగితే, పచ్చిది సగమే అరిగిందట. చెప్తే వినడు.

నాకు బాగా నచ్చేది దీని తర్వాత జరిగేది. క్లోమం కూడా ప్రోటీన్‌తో కట్టిందే కదా, మరి ప్రోటీన్‌ని కోసే ట్రిప్సిన్‌ని తనలోనే తయారుచేస్తూ అరిగిపోకుండా ఎలా ఉంటుంది? పనిచేయని రూపంలో చేసి పంపేస్తుంది. చిన్నపేగు గోడ మీదున్న ఎంటెరోకైనేజ్ అనే ఇంకో ఎంజైమ్ దాంట్లోంచి ఓ ముక్క తెంపాకే అది పనిలోకి దిగుతుంది. ఈ వరస తప్పి క్లోమంలోనే మొదలైతే పాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాచే జబ్బు. అలాంటి వాళ్ళ శాంపిల్ మా ల్యాబ్‌కి వస్తే లైపేజ్ (క్లోమం చేసే, కొవ్వుని అరిగించే ఎంజైమ్) అంత ఎక్కువ ఉండటం చూసి, మిషన్‌కేమైందోనని మళ్ళీ పెడతాం.

పూటకి 30 గ్రాములే ఒంటికి పడుతుందని మీ ట్రైనర్ అన్నాడే, అది ఉత్తిదే. పేగు దాదాపు అంతా పీల్చుకుంటుంది, కాస్త టైమ్ పడుతుందంతే. చిక్కంతా అక్కణ్ణుంచే. మిగిలిన చక్కెర గ్లైకోజెన్‌గా కొంత, కొవ్వుగా కొంత నిలవ ఉంటుంది. అమైనో ఆమ్లాలకి అలాంటి గాదె లేదు. అవసరానికి మించినవాటిలోంచి నైట్రోజన్ ఊడదీస్తే అమ్మోనియా వస్తుంది, అది మెదడుకి విషం. లివర్ దాన్ని యూరియాగా మారుస్తుంది, కిడ్నీలు బయటికి పంపుతాయి. ఈ దారిని క్రెబ్స్, హెన్సెలైట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1932లో పట్టుకున్నారు. లివర్ బాగా చెడిపోయినవాళ్ళు ఒక్కోసారి తికమకగా మాట్లాడతారు చూడు, దానికి పెద్ద కారణం ఈ అమ్మోనియానే. నైట్రోజన్ పోగా మిగిలిన భాగం మంటకి పోతుంది, లేదా కొవ్వవుతుంది. అంటే నీ మూడో స్కూపు డబ్బు చాలావరకు బాత్రూమ్‌లోకే.

ఇంకోటి తెలుసా, రోజూ మన ఒళ్ళు 250, 300 గ్రాముల సొంత ప్రోటీన్‌ని విప్పి మళ్ళీ కట్టుకుంటుంది. మనం తినేది అందులో పావో, మూడో వంతో. మన ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) లెక్క రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాములు. నీ 70 కిలోలకి 58. బరువులెత్తేవాడివి కాబట్టి 100, 110 దాకా వెళ్ళినా తప్పులేదు. అన్నంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో మెథియోనిన్ అనేది తక్కువ, రెండూ కలిపితే లోటు తీరుతుంది. కాకపోతే ఇక్కడి ఆంధ్రా మెస్‌లలో అన్నం కొండంత, పప్పు నీళ్ళంత. అందుకని నేనూ రోజూ రెండు గుడ్లు, ఓ కప్పు పెరుగు వేసుకుంటున్నా. నీకు ఒక్క స్కూపు చాలు.

జిమ్ వాళ్ళు వేసుకునే ఇంకో పొడి, క్రియాటిన్, వేరే కథ. దాన్ని గ్లైసిన్, ఆర్జినిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాల నుంచి ఒళ్ళే చేసుకుంటుంది. కండలో అది ఫాస్ఫేట్‌తో కలిసి ఉంటుందని 1927లో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి చెప్పింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావే. జిమ్‌లో ఈ ముక్క వదులు, కాలర్ ఎగరేయచ్చు. ఆ పొడి వేసుకుంటే మాత్రం రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలుసుకోడానికి కొలిచేది) కాస్త పెరిగి కనబడచ్చు, టెస్టుకి వెళ్తే డాక్టర్‌కి ముందే చెప్పు, లేకపోతే కిడ్నీలు చెడ్డాయేమోనని ఊరికే టెన్షన్ పడతావు.

పండక్కి వచ్చేటప్పుడు ఆ డబ్బా పట్రా, లేబుల్ చూద్దాం. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ
రవి