సెమ్యోనోవా ఆట గురించీ రాయండి
మహిళా బాస్కెట్‌బాల్ గురించి మన క్రీడా పేజీల్లో వచ్చేదే తక్కువ, వచ్చినప్పుడు కూడా లాత్వియా క్రీడాకారిణి ఉల్యానా సెమ్యోనోవాను ‘ఏడడుగుల మహిళ’ అని చెప్పి వదిలేయడం అన్యాయం. నేను చదివిన వార్తల్లో ఆమె ఎత్తు, బూట్ల సైజే కనిపిస్తాయి, ఆట కనిపించదు. ఒలింపిక్స్‌లో మహిళా బాస్కెట్‌బాల్ తొలిసారి చేరిన 1976 మాంట్రియల్‌లో, అప్పట్లో లాత్వియా కూడా భాగమైన సోవియట్ యూనియన్ జట్టు అమెరికాను 112-77తో చిత్తు చేసింది. 1980లో మాస్కోలో మళ్లీ స్వర్ణం. రెండుసార్లూ సోవియట్ జట్టుకు ఆమే ఆయువుపట్టు. లాత్వియా రాజధాని రీగాలోని టీటీటీ క్లబ్ తరఫున, యూరప్ క్లబ్బుల మధ్య జరిగే యూరోపియన్ కప్‌ను 11 సార్లు గెలిచింది. పొడుగ్గా ఉంటే చాలు, పాయింట్లు వాటంతటవే వస్తాయనుకునేవాళ్లు ఒక్కసారి పాత మ్యాచ్‌ల వీడియోలు చూడాలి: ఇద్దరు ముగ్గురు చుట్టుముట్టి తోస్తున్నా బంతిని తలపైనే పట్టుకుని, తిరిగి, మెల్లగా బుట్టలో వేస్తుంది. అది ఏళ్ల సాధన. సోవియట్ క్రీడాకారులకు విదేశీ క్లబ్బుల తలుపులు తెరుచుకునేసరికి ఆమెకు 35 ఏళ్లు. అప్పుడుగానీ స్పెయిన్, ఫ్రాన్స్‌లలో ఆడలేకపోయింది. ఆ తర్వాత 1993లో బాస్కెట్‌బాల్ దిగ్గజాలను గౌరవించే అమెరికాలోని నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెకు చోటిచ్చింది. మీ క్రీడా పేజీలో వారానికి ఒక పావు పేజీ ఇలాంటి క్రీడాకారిణులకు కేటాయించండి. అందులో వారి స్కోర్లు, ఆడిన స్థానం, ఆటతీరు తప్పకుండా ఉండాలి. మన హైదరాబాద్, విజయవాడ కోర్టుల్లో ఆడే అమ్మాయిలకు అవి పనికొస్తాయి.