తోరాకు వెండి దానిమ్మలు: దాతలకు సమాజమందిరం కమిటీ విన్నపం

షలోమ్. మేము తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిమ్ యూదులం. గుంటూరు జిల్లాలోని మా చిన్న సమాజమందిరం కోసం మా వారినీ, మాతో కలిసి బతుకుతున్న ఇరుగుపొరుగు వారినీ వెండి వస్తువులు చేయించేందుకు సాయం చేయమని చేయి చాచి అడుగుతున్నాం.

తోరా అంటే తోలు చుట్ట మీద చేత్తో రాసిన మా పవిత్ర ధర్మశాస్త్రం. దాన్ని చదివేటప్పుడు తోలు మీది సిరా అక్షరాలను వేలితో తాకకూడదు. కొసన చిన్న చెయ్యి ఉన్న వెండి కడ్డీని పంక్తి వెంట జరుపుతూ చదవాలి. దాన్ని యాద్ అంటాం. మా పిల్లలు నున్నగా చెక్కిన వెదురు పుల్లతో నేర్చుకుంటున్నారు. శనివారం చీకటి పడ్డాక షబ్బాత్‌ను, అంటే మా వారపు విశ్రాంతి దినాన్ని, సాగనంపుతూ వాసన చూసే లవంగాలు, దాల్చినచెక్క స్టీలు డబ్బాలో ఉన్నాయి. వీటివల్ల ప్రార్థన ఆగదు. కానీ ఆజ్ఞను అందంగా నెరవేర్చమన్నారు మా పెద్దలు. అరణ్యంలో ప్రత్యక్ష గుడారం అనే ఆరాధనా స్థలం కోసం బెసలేలు అనే పనివాడికి వెండి బంగారాల పనితనాన్ని ఇచ్చింది దేవుడే.

ఈ వస్తువులను విదేశాల నుంచి తెప్పిద్దామన్న సూచన కమిటీకి నచ్చలేదు. ఎక్కడి యూదులు అక్కడి తీరులోనే తోరాను అలంకరించుకున్నారు. బాగ్దాదు యూదులు చుట్టను వెండి రేకు తొడిగిన గుండ్రటి పెట్టెలో నిలబెట్టి చదివేవారు. యెమెన్‌లో వెండి తీగ పనికి పేరుపడినవారు యూదు కంసాలులే. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సమాజమందిరానికి 1805లో తిరువాన్కూరు మహారాజు తోరా కోసం బంగారు కిరీటమే పంపాడు. మనకు కరీంనగర్ ఉంది. సన్నని తీగను మెలిపెట్టి, చుట్టి, అతికి అత్తరు దానులు చేసే అక్కడి చేతులే మా రిమ్మోనీమ్‌ను చేయాలని మా కోరిక. రిమ్మోన్ అంటే దానిమ్మ. చుట్ట కర్రల కొసలకు తొడిగే గుబ్బలవి. మా తొలి ప్రధాన యాజకుడు అహరోను నిలువుటంగీ అంచున ఉన్నట్టే దానిమ్మలకు తోడుగా చిరుగంటలుంటాయి. తోరా కంటబడకముందే దాని రాక చెవిన పడుతుంది.

యాద్‌కు 8 తులాలు, రిమ్మోనీమ్ జతకు 30, సుగంధాల పెట్టెకు 10 తులాల వెండి కావాలని అంచనా, కూలి అదనం. తెగిన పట్టీలు, అరిగిన మట్టెలు, సొట్టపడిన గిన్నెలు ఇచ్చినా సంతోషమే. మీ ఎదుటే తూచి రసీదు ఇస్తాం. దేవతామూర్తులున్న వస్తువులు మాత్రం దయచేసి ఇవ్వవద్దు. మీరు పూజించినవాటిని కరిగించడానికి మాకు మనసొప్పదు.

దాతల పేర్లు వెండి మీద చెక్కించం, మందిరం పుస్తకంలో రాసి ఉంచుతాం. గుబ్బల అడుగున మాత్రం చేసిన ఊరి పేరు తెలుగులో ఉంటుంది. ఏడాది తోరా పఠనం ముగించి మళ్లీ మొదలుపెట్టే సిమ్హత్ తోరా పండుగ నాడు చుట్టను ఎత్తుకుని తిరిగేవేళకు ఆ గంటలు మోగాలని మా ఆశ.

శుక్రవారం పొద్దు గూకింది మొదలు శనివారం చీకటి పడేదాకా డబ్బు గానీ వెండి గానీ తీసుకోలేం. మిగిలిన రోజుల్లో మందిరం తలుపు తీసే ఉంటుంది.