ఎండా వానతో పాటు గాలి కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ చెన్నై పేజీలో ప్యాడిల్ బోర్డింగ్ గురించి వేసింది చదివానండి. ఫొటో చాలా బాగుంది, పొద్దుటి ఎండలో నీళ్ళ మీద ఒకమ్మాయి బోర్డెక్కి నిలబడి తెడ్డేస్తోంది, వెనకాల కొబ్బరి చెట్లు. ఆ రోజే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో దాన్ని ముగ్గురు పెట్టారు, మధ్యాహ్నానికల్లా మన తెలుగు వాళ్ళ ఇళ్ళ నుంచే నలుగురైదుగురు ఫోన్ చేసి ఎక్కడ నేర్పుతారు, ఎన్ని రోజుల్లో వస్తుంది, ఈత రాకపోయినా పర్లేదా అని అడిగారు, మా బ్లాకులో ఇది చేసేది నేనొక్కదాన్నే కాబట్టి. సంతోషమే, ఇంతమందికి నీళ్ళ మీదకి వెళ్ళాలనిపించడం మంచిదే. కానీ ఆ ఫొటోలో అమ్మాయి కాలిని బోర్డుకి కట్టే తాడు లేదు, ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు, రాసిన దాంట్లో గాలి అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా, కొంచెం పెద్దదైంది, ఏమనుకోకండి.

మాది ఒంగోలు పక్కన కొత్తపట్నం. చిన్నప్పుడు మా ఒడ్డున తెప్పలుండేవి, నాలుగైదు దుంగలు తాళ్ళతో కట్టేసి దాని మీద మోకాళ్ళేసుకునో నిలబడో తెడ్డు వేసుకుంటూ అలలు దాటి వెళ్ళిపోయేవాళ్ళు, మేం ఒడ్డున కూర్చుని చుక్కలాగా అయ్యేదాకా చూసేవాళ్ళం. ఇప్పుడు ఫైబర్ బోట్లూ ఇంజన్లూ వచ్చాక అవి బాగా తగ్గిపోయాయి. నేను చెన్నై వచ్చి 20 ఏళ్ళు దాటింది, మొదటిసారి ఇక్కడ చెన్నై పక్కనున్న కోవళంలో ప్యాడిల్ బోర్డు చూసినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది మా తెప్పే. ఈ ఆట హవాయిలో వైకికీ బీచ్‌లో సర్ఫింగ్ నేర్పేవాళ్ళు పెద్ద బోర్డుల మీద నిలబడి తెడ్డేయడంతో మొదలైందని చెప్తారు, నిజమే, కానీ నిలబడి తెడ్డేయడం మన తీరానికి కొత్త కాదు కదా. ఇంకోటి, మా ఊరి పక్కన పారే బకింగ్‌హామ్ కాలువే ఇక్కడ ముట్టుకాడు దగ్గర కూడా కనిపిస్తుంది, ఒకప్పుడు కాకినాడ వైపు నుంచి మద్రాసుకి బియ్యం పడవలు వచ్చిన కాలువ అది, ఆ నీళ్ళ మీద తెడ్డేస్తుంటే నాకు మా ఊళ్ళో ఉన్నట్టే అనిపిస్తుంది. సరే, అసలు సంగతికి వస్తాను.

2022 జూన్‌లో జరిగింది చెప్తాను. అప్పటికి నేను ఒక పది సార్లు చేసుంటాను, వచ్చేసింది అనుకున్నా. ఈసీఆర్, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఒక బీచ్‌లో బోర్డులు అద్దెకిచ్చే ఒకతని దగ్గర నేనూ మా ఆడపడుచూ చెరొకటి తీసుకున్నాం, పొద్దున ఏడు దాటింది, సముద్రం అద్దంలా ఉంది, ఒక్క అల లేదు. కాలికి కట్టే తాడు ఇవ్వలేదు, అడిగితే ఇంత ప్రశాంతంగా ఉంటే ఎందుకక్కా అన్నాడు, మేమూ ఊరుకున్నాం. పావుగంటలో ఒడ్డు నుంచి చాలా దూరం వెళ్ళిపోయాం, ఎంత హాయిగా పోతోందో, తెడ్డు వెయ్యకపోయినా పోతోంది! అదే అర్థం కావాల్సింది అప్పుడు. వెనక్కి తిరిగి ఒడ్డు వైపు తెడ్డేస్తే బోర్డు కదలట్లేదు. మొహానికి కొడుతోంది గాలి, పడమటి గాలి, నిలబడ్డ మనిషే తెరచాప అయిపోతుంది కదా, అది మమ్మల్ని లోపలికి తోసేస్తోంది. మా ఆడపడుచు కంగారులో పడిపోయింది, తను పైకి తేలేలోపు బోర్డు చాలా దూరం పోయింది, ఖాళీ బోర్డు గాలికి ఎంత జోరుగా పోతుందంటే ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా అందుకోలేరు. తన ఒంటి మీద జాకెట్ ఉంది, అదొక్కటే ఆ రోజు మేం చేసిన మంచిపని. నేను బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో ఈదుకుంటూ తన దగ్గరికి వెళ్ళి ఇద్దరం ఒకే బోర్డు పట్టుకుని ఉండిపోయాం. వల తీసుకుని వస్తున్న ఒక ఫైబర్ బోటు వాళ్ళు చూసి ఎక్కించుకున్నారు. అందులో పెద్దాయన తిట్టలేదు, ఒక్క మాటే అడిగాడు, కాత్తు పాక్కలియామా అని. గాలి చూడలేదా అమ్మా అని. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఒడ్డు నుంచి సముద్రం వైపు గాలి వీస్తున్నప్పుడు ఒడ్డు దగ్గర అలలు అణిగిపోయి నీళ్ళు నున్నగా కనిపిస్తాయి, కొత్తవాళ్ళు అది చూసి ఇవాళ భలే ఉంది అనుకుంటారు, లోపలికి వెళ్ళేకొద్దీ గాలి బలం తెలుస్తుంది, అప్పటికి ఆలస్యం అయిపోతుంది. చెన్నైలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలులు భూమి మీదుగా వచ్చి పడమటి నుంచి సముద్రంలోకి వీస్తాయి, పొద్దున పూట ముఖ్యంగా. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తూర్పు నుంచి మళ్ళుతుంది, పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు అది ఆలస్యంగా వస్తుంది. ఇక్కడి జాలర్లకి ఒక్కో గాలికీ ఒక్కో పేరుంది, పడమటి గాలిని కచ్చాన్ అంటారు, ఉత్తరపు గాలిని వాడై అంటారు, మా ఊళ్ళో తాతలూ ఇలాగే గాలి పేరు చెప్పి ఇవాళ వేటకి పోవాలా వద్దా అనేవాళ్ళు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలూ తుఫాన్లూ, అప్పుడు కొత్తవాళ్ళకి సముద్రం వద్దే వద్దు. జనవరి చివర నుంచి ఏప్రిల్ దాకా పొద్దున్నపూట కాస్త నెమ్మదిగా ఉంటుంది, మొదలుపెట్టాలంటే నా లెక్కలో అదే మంచి కాలం. అప్పుడైనా గాలి గంటకి 15 కిలోమీటర్లు దాటితే మొదటిసారి చేసేవాళ్ళు ఆగిపోవడమే మేలు.

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగిన వాళ్ళందరికీ నేను చెప్పేది ముందు సముద్రం కాదు, కదలని నీళ్ళు. కానీ ఇంత పెద్ద ఊళ్ళో కదలని మంచి నీళ్ళు ఎక్కడున్నాయండి? అడయారు, కూవం నదుల సంగతి అందరికీ తెలుసు, ముక్కు మూసుకునే దాటుతాం. పుళల్, చెంబరంబాక్కం తాగునీటి చెరువులు, వాటిలో దిగకూడదు, దిగాలని అడగనూ కూడదు, తెలుగు గంగ పుణ్యమా అని పూండి మీదుగా మన కృష్ణ నీళ్ళు కూడా పుళల్‌కి చేరతాయి. పులికాట్ పక్షుల అభయారణ్యం. మిగిలింది ముట్టుకాడు, కోవళం వైపు వెనక జలాలు. అక్కడ నీళ్ళు చాలాచోట్ల లోతు తక్కువ, అలలుండవు. కానీ అక్కడ కూడా ఆటుపోట్లు చూసుకోవాలి, మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా మహా అయితే మీటరు అటూ ఇటూ అయినా ముఖద్వారం సన్నగా ఉంటుంది కాబట్టి పాటు సమయంలో నీళ్ళన్నీ ఈసీఆర్ బ్రిడ్జి కింద నుంచి సముద్రంలోకి లాగుతాయి. బ్రిడ్జికి దూరంగా లోపలి వైపే ఉండండి, బోట్ హౌస్ పడవలు తిరిగే దారిలోకి వెళ్ళకండి. పెద్ద వాన పడ్డాక కొన్ని రోజులు దిగొద్దు, ఊరి మురుగంతా అందులోకే వస్తుంది, నాకు ఒకసారి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి.

నేర్చుకోవడం నిజంగా కష్టం కాదు. ముందు మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డెయ్యాలి, మోకాళ్ళు బోర్డు మధ్యలో ఉన్న పట్టుకునే పిడికి అటూ ఇటూ ఉండాలి, బోర్డు కాస్త ముందుకి సాగుతున్నప్పుడు ఒక్కో కాలు ఎత్తి లేవాలి, ఆగిపోయిన సైకిల్ కంటే కదులుతున్న సైకిల్ మీద నిలకడ ఎక్కువ కదా, ఇదీ అంతే. మోకాళ్ళు కాస్త వంచి, చూపు దూరంగా పెట్టాలి, కాళ్ళ వంక చూస్తే పడిపోతారు, పది మందిలో తొమ్మిది మంది కాళ్ళ వంకే చూస్తారు. తెడ్డు ఆకు కొంచెం ఒంపు తిరిగి ఉంటుంది, ఆ ఒంపు ముందు వైపుకి ఉండాలి, చాలామంది వెనక్కి తిప్పి పట్టుకుంటారు, నేనూ మొదటి రెండు రోజులు అలాగే వేశాను. తెడ్డు పొడవు నిటారుగా నిలబడి చెయ్యి పైకెత్తితే మణికట్టు దాకా వస్తే సరిపోతుంది. కొత్తవాళ్ళకి పది, పదకొండు అడుగుల పొడవు, 32 అంగుళాలకి తగ్గని వెడల్పు ఉన్న బోర్డు అడగండి. గాలి కొట్టే బోర్డయితే పంపు మీటర్లో 12 నుంచి 15 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా నిండాలి, తక్కువైతే మధ్యలో కుంగుతుంది, ఎండలో మాత్రం కొట్టి వదిలెయ్యకండి, మన ఎండకి లోపలి గాలి ఉబ్బి అతుకులు ఊడతాయి. పడేటప్పుడు బోర్డు మీద కాకుండా పక్కకి నీళ్ళలోకి వెల్లకిలా పడాలి. మళ్ళీ ఎక్కడం మొదటి రోజే ఒడ్డు దగ్గర నాలుగైదు సార్లు చేసి చూసుకోవాలి, పిడి పట్టుకుని కాళ్ళు తన్నుకుంటూ పొట్ట మీద పాక్కుంటూ ఎక్కాలి, ఇది రాకుండా లోతులోకి పోకూడదు. ఆడవాళ్ళు బట్టల గురించి అడుగుతున్నారు, లెగ్గింగ్సూ ఒంటికి పట్టిన ఫుల్ హ్యాండ్స్ టీషర్టూ చాలు, చున్నీ మాత్రం వద్దు.

కాలి తాడు, లీష్ అంటారు దాన్ని, అది లేకుండా బోర్డు ఇస్తే డబ్బులు వెనక్కి తీసుకుని వచ్చెయ్యండి. నీళ్ళలో మనకి అన్నిటికంటే పెద్ద తేలే వస్తువు ఆ బోర్డే, తాడుంటే అది మనల్ని వదలదు. పారే నదిలో అయితే మాత్రం కాలికి కట్టకూడదు, కొమ్మలకో రాళ్ళకో చిక్కుకుంటుంది, నడుముకి కట్టి ఒక్క లాగుతో ఊడొచ్చే రకం వాడాలి, గోదావరిలోనో కృష్ణలోనో చెయ్యాలనుకునే మన వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. జాకెట్ గురించి తెలుగువాళ్ళకి నేను కొత్తగా చెప్పాలా, 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు మనందరం టీవీల ముందు కూర్చుని ఏడ్చాం. జాకెట్ వేసుకోవాలి, క్లిప్పులు పెట్టుకోవాలి, అంతే. ఫోన్ నీళ్ళు పోని కవర్లో మెడకి వేసుకోండి, కోస్ట్ గార్డ్ నంబర్ 1554, మెరైన్ పోలీస్ 1093, రెండూ సేవ్ చేసుకోండి. గాలి లాగేస్తుంటే నిలబడకుండా బోర్లా పడుకుని, తెడ్డు పొట్ట కింద పెట్టుకుని చేతులతో ఈదండి, అయినా రాలేకపోతే బోర్డు వదిలి ఈదడానికి ఎప్పుడూ పోవద్దు.

ఈత సంగతి కూడా చెప్పాలి. నేను ఈత నేర్చుకుంది 39 ఏళ్ళకి, వేళచ్చేరి పూల్‌లో, పిల్లల మధ్య. సముద్రం పక్కన పుట్టిన దాన్ని, మా ఊళ్ళో ఆడపిల్లల్ని నీళ్ళలోకి పంపలేదు అంతే. చెన్నైలో మన ఇళ్ళల్లో అమ్మలకి, అమ్మమ్మలకి ఎంతమందికి వచ్చు ఈత? జాకెట్ ఉంటే ఈత రాకపోయినా తేలతారు, కానీ భయపడిన మనిషి ఏం చేస్తుందో నేను చూశాను, ముందు రెండు నెలలు పూల్‌కి వెళ్ళి మొహం నీళ్ళలో పెట్టడం అలవాటు చేసుకుని అప్పుడు బోర్డెక్కండి. బెసెంట్ నగర్ బీచ్‌లో ఆ తెల్ల కట్టడం ఉంది కదా, అందరూ ఫొటోలు దిగేది, అది 1930లో మునిగిపోతున్న వాళ్ళని కాపాడబోయి చనిపోయిన ష్మిట్ అనే డెన్మార్క్ నావికుడి గుర్తుగా కట్టింది. మన పిల్లలకి అక్కడ ఐస్‌క్రీమ్ కొనిచ్చేటప్పుడు అది ఎందుకుందో కూడా చెప్పాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మంచివాళ్ళు లేరని కాదు. కోవళంలో జాలరి కుటుంబాల కుర్రాళ్ళే పెద్ద పేరు తెచ్చుకున్నారు, శేఖర్ పచ్చై ఈ ఆటలో నేషనల్ ఛాంపియన్ అయ్యాడు, కర్ణాటక తీరం నుంచి తన్వీ జగదీశ్ వెళ్ళి బయటి దేశాల్లో పోటీలు చేసింది. నేర్పే దగ్గర జాలరి ఇళ్ళ వాళ్ళుంటే నేను ముందు వాళ్ళ దగ్గరికే వెళ్తాను, ఎందుకంటే వాళ్ళు బోర్డు కంటే ముందు ఆకాశం చూస్తారు, ఇవాళ వద్దక్కా అని పంపించేసేవాళ్ళ దగ్గరే నేర్చుకోండి.

ఇప్పుడు మీకు నా విన్నపం. మీ చెన్నై పేజీలో రోజూ వాతావరణం డబ్బా వేస్తారు, ఎండ ఎంత, వాన పడుతుందా, సూర్యోదయం, సూర్యాస్తమయం. దాంట్లోనే ఇంకో రెండు లైన్లు వెయ్యండి. గాలి ఏ దిక్కు నుంచి ఎంత జోరుగా, పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు. ఈ వివరాలు ఎక్కడో వెతకక్కర్లేదు, మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్, అంటే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం వాళ్ళు సముద్రం పరిస్థితి, అలల ఎత్తు, గాలి అన్నీ జాలర్ల కోసం ఉచితంగా ఇస్తున్నారు, ఎత్తైన అలల హెచ్చరికలు కూడా అక్కడి నుంచే వస్తాయి. రోజూ కుదరకపోతే శని, ఆదివారాలైనా వెయ్యండి, జనం ఈసీఆర్ మీద పడేది ఆ రెండు రోజులే. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు ఆ లైను లావు అక్షరాల్లో వెయ్యండి. ప్యాడిల్ బోర్డు వాళ్ళకే కాదు, బీచ్‌లో మోకాలి లోతులో పిల్లల్ని ఆడించే వాళ్ళకీ, గాలితో నింపిన ట్యూబులూ బొమ్మలూ కొనిచ్చే వాళ్ళకీ అదే గాలి.

ఈసారి ఫొటో వేసేటప్పుడు కాలికి తాడు, ఒంటి మీద జాకెట్ ఉన్నది చూసి వెయ్యండి. కావాలంటే నాది పంపిస్తాను, రెండూ ఉంటాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పెరుంగుడి, చెన్నై